ముందుకు వాలిన అక్షరం

మీ వీధిలో సైడ్ స్టాండ్ వేసి నిలబెట్టిన బైకు ఒకటి ఉండే ఉంటుంది. ఓసారి దాని పక్కకెళ్లి నిలబడండి. స్టాండు ఎడమవైపు కాబట్టి బండి కాస్త మీవైపే ఒరిగి ఉంటుంది. హెడ్‌లైటు మీ ఎడమచేతి వైపు, వెనక చక్రం కుడిచేతి వైపు. ఇప్పుడు ట్యాంకు మీదున్న పేరు చదవండి. లావుపాటి అక్షరాలు, కత్తితో కోసినట్టున్న మూలలు, అన్నీ కలిసి కుడివైపుకి వాలిపోయి ఉన్నాయనుకోండి. చూడగానే స్పీడనిపిస్తుంది. కానీ బండి వెళ్లేది ఎడమవైపుకి కదా! అంటే ఆ అక్షరాలు ముందుకి కాదు, వెనక్కి వాలాయి. అటు తిరిగి కుడిపక్కకి వెళ్లి చూస్తే అవే అక్షరాలు బుద్ధిగా హెడ్‌లైటు వైపు వంగి ఉంటాయి.

బండి ఒకటే. ఒక పక్క అక్షరం ముందుకి, ఇంకో పక్క వెనక్కి. ఈ సంగతి కొన్నవాళ్లూ పట్టించుకోరు, అమ్మినవాళ్లూ పట్టించుకోరు. రెండు పక్కలా వేగమే కనిపిస్తుంది మరి!

ఈ అక్షరాల కుటుంబం చాలా పెద్దది. క్రికెట్ బ్యాటు స్టిక్కరు, బూట్ల పెట్టె, ఎనర్జీ డ్రింకు డబ్బా, వీడియో గేము అట్ట, టీవీలో స్కోరు పట్టీ, కొరియర్ వ్యాను... ఎక్కడ తొందర ఉంటే అక్కడ ఇవి ఉంటాయి. డిజైనర్లు వీటిని 'స్పోర్టీ' అంటారు. కాస్త రాకెట్ల వాసన తగిలితే 'ఫ్యూచరిస్టిక్' అంటారు. రేడియం షాపులో అంత మాట అక్కర్లేదు, 'రేసింగ్ టైపులో కొట్టన్నా' అంటే చాలు. వీటితో ఎవరూ పేజీలు నింపరు. నింపితే నాలుగో వాక్యానికల్లా కళ్లు తిరుగుతాయి. ఇవి చదవడానికి కాదు, చూడ్డానికి. అందుకే టైపు వ్యాపారంలో వీటిని 'డిస్‌ప్లే' రకం కింద వేరే కడతారు.

ఇంతకీ వాలితే వేగం అని ఎవరు చెప్పారు? ఎక్కువ వాలినవాడు పడిపోతాడు గానీ పరిగెత్తడు!

జేబులో పట్టడానికి పుట్టింది

అక్షరాన్ని మొదట వాల్చినవాళ్లకి వేగంతో పనే లేదు. వాళ్ల బాధంతా చోటు గురించి.

అది 1501. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త ఉండేవాడు. అప్పటి పుస్తకాలంటే బల్ల మీద పెట్టుకుని చదవాల్సినంత బరువు. వాటిని చేతిలో ఇమిడేంత చేసి అమ్మాలని ఆయన ఆలోచన. చిన్న పుస్తకానికి సన్నగా, ఒకదానికొకటి ఒదిగిపోయే అక్షరం కావాలి. పండితులు గబగబా రాసుకునే చేతిరాత అలాగే ఉండేది... కుడికి కాస్త వాలి, ఇరుగ్గా. ఆ రాతని ఉక్కులోకి దించమని తన దగ్గర పనిచేసే ఫ్రాన్సెస్కో గ్రిఫోకి చెప్పాడు. బొలోన్యా ఊరివాడు గ్రిఫో. ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని ఉల్టాగా చెక్కడం, దాన్ని రాగిలో గుద్ది అచ్చు తీయడం, అందులో సీసం పోయడం... ఇదీ ఆయన పని. ఆ టైపుతో వర్జిల్ కావ్యాలు ఆ ఏడాదే వెలువడ్డాయి. ఇటలీలో పుట్టింది కాబట్టి లోకం దాన్ని 'ఇటాలిక్' అంది.

తమాషా ఏమిటంటే, ఆ తొలి పుస్తకంలో వాలింది చిన్నక్షరాలే. వాక్యం మొదట్లో వచ్చే పెద్దక్షరాలు నిటారుగానే నిలబడ్డాయి. అవీ వంగడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఈరోజు స్పోర్టీ టైపంటే దాదాపు అన్నీ వాలిన పెద్దక్షరాలే. అంటే ఆల్డస్ చూస్తే తన సొమ్మని గుర్తుపట్టడు.

సొమ్మంటే గుర్తొచ్చింది. ఈ టైపు ఎవరి సొమ్మన్న గొడవ అప్పుడే మొదలైంది. వర్జిల్ పుస్తకంలో గ్రిఫో పనితనాన్ని చిన్న పద్యంతో మెచ్చుకున్న ఆల్డస్, 1502లో వెనిస్ ప్రభుత్వం నుంచి ఆ అక్షరాల మీద హక్కు మాత్రం తన పేర రాయించుకున్నాడు. చెక్కిన చేతికి తను చెక్కిన అక్షరమే ఇంకొకరికి చెక్కిచ్చే వీల్లేకుండా పోయింది. గ్రిఫో ఆ కొలువు వదిలేశాడు. 1503లో సొన్చినో అనే మరో ముద్రాపకుడు పెట్రార్క్ కవితల పుస్తకం వేస్తూ, ఈ అక్షరాన్ని కనిపెట్టింది బొలోన్యా ఫ్రాన్సెస్కోయేనని ముందుమాటలో రాసిపెట్టాడు. ఆ మాట లేకపోతే గ్రిఫో పేరు ఇంత గట్టిగా మిగిలేది కాదేమో.

హక్కు రాయించుకున్న ఆల్డస్‌కైనా దక్కిందా అంటే అదీ లేదు. ఫ్రాన్సులోని లియాన్ ఊరి ముద్రాపకులు ఆయన పుస్తకాల్ని అచ్చు అలాగే దొంగ అచ్చు వేసి అమ్ముకున్నారు. ఆల్డస్‌కి మండింది. దొంగ పుస్తకాల్ని గుర్తుపట్టడం ఎలాగో చెబుతూ, వాటిలో ఉన్న తప్పుల్ని వరసగా ఏకరువు పెట్టి 1503లో ఓ హెచ్చరిక అచ్చు వేయించాడు. లియాన్‌వాళ్లు దాన్ని శ్రద్ధగా చదివి, ఆ తప్పులన్నీ దిద్దుకుని మళ్లీ అచ్చేశారు! దొంగలకి ప్రూఫులు దిద్దిపెట్టిన యజమాని ఆయనేనేమో.

గ్రిఫో కథ ఇంకా చేదుగా ముగిసింది. తిరిగి సొంతూరు చేరి 1516లో తనే చిన్న చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. కొద్దికాలానికే అల్లుణ్ణి ఇనుప కడ్డీతో కొట్టి చంపాడన్న అభియోగంలో ఇరుక్కున్నాడు. ఆ తర్వాత చరిత్రలో ఆయన జాడ లేదు.

పాడైపోయిన ఫొటో

ఇటాలిక్ పుట్టిన నాలుగొందల ఏళ్ల వరకూ దాని అర్థం వేరు. మాటని కాస్త ఒత్తి పలకడానికి, పుస్తకం పేరు చెప్పడానికి, పరభాష మాట అని చూపడానికి వాడేవారు. అందులోకి వేగం వచ్చింది కారు వచ్చాకే.

ఆ మార్పుని ఒక్క బొమ్మలో చూడాలంటే జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఫ్రెంచి కుర్రాడు తీసిన ఫొటో చూడాలి. 1912-13 ప్రాంతంలో, ఇరవయ్యేళ్లయినా నిండకముందు, ఓ కార్ల రేసులో తీశాడు. అప్పటి కెమెరాలో కాంతి ఒక్కసారిగా పడేది కాదు. సన్నటి చీలిక ఒకటి ఫొటో పలక ముందు జరుగుతూ పోతే, బొమ్మ అంచెలంచెలుగా దిగేది. చీలిక ఆ చివరికి చేరేలోపు కారు కాస్త ముందుకెళ్లిపోతే? చక్రం అడుగుభాగం ఒకచోట, పైభాగం ఇంకోచోట పడుతుంది. అలా గుండ్రటి చక్రాలు కోడిగుడ్డులా సాగి ముందుకి వాలిపోయాయి. పైగా కారుతోపాటే లార్తీగ్ కెమెరాని తిప్పాడు. దాంతో గట్టున నిలబడ్డ జనం, స్తంభాలు వెనక్కి వాలారు. ఫొటో పాడైందని దాన్ని పక్కన పడేశాడంటారు. 1963లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన ఫొటోల ప్రదర్శన జరిగాక లోకం ఆ 'పాడైన' బొమ్మకే ఎక్కువ దండం పెట్టింది.

బైకు రెండు పక్కల సంగతి ఇప్పుడు మళ్లీ గుర్తుచేసుకోండి. ఫొటోలో కారు ముందుకి వాలింది, జనం వెనక్కి వాలారు. రెండూ కలిస్తేనే కన్ను 'రయ్యిమంది' అనుకుంది. కార్టూన్లలో పరిగెత్తే కారు చక్రాల్ని గుడ్డులా సాగదీసి గీసేదీ ఇలాగే. నిజంగా ఏ చక్రమూ అలా సాగదు. కెమెరా చేసిన పొరపాటుని కన్ను వేగం అని నేర్చుకుంది, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటలీలో మారినెట్టి అనే కవికి కార్ల పిచ్చి పట్టింది. 1908లో సైకిళ్లవాళ్లని తప్పించబోయి కారుతో సహా గుంటలో పడ్డాడు. మామూలు మనిషైతే కారు జోలికి పోడు. ఈయన మాత్రం 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక 'లె ఫిగారో'లో ఫ్యూచరిజం పేరుతో ఓ ప్రకటన వేయించాడు. లూవ్ర్ మ్యూజియంలో ఉన్న గ్రీకు విజయదేవత శిల్పం కంటే రేసు కారే అందమైనదని అందులో వాదన. 'ఫ్యూచరిస్టిక్' అని మనం వాడే మాట వెనక ఆ గుంటలో పడ్డ కారు కూడా ఉందన్నమాట. ఆ రెక్కల దేవత పేరు గ్రీకులో నైకీ. 1971లో అమెరికాలో ఓ బూట్ల కంపెనీ ఆ పేరే పెట్టుకుంది. దాని గుర్తుని క్యారొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీస్తే 35 డాలర్లు ఇచ్చారు. తర్వాతి కాలంలో దాని మీదకెక్కిన పేరు మాత్రం లావుగా, ఇరుగ్గా, ముందుకి వాలిన అక్షరాల్లో ఉంటుంది. కారు అందమా, దేవత అందమా అన్న గొడవ చివరికి బూట్ల మీద రాజీకొచ్చింది.

టీవీ తెర ఆకారం

వాలు సంగతి అది. మరి ఆ మూలలు, ఆ పెట్టెలాంటి ఆకారం? దానికీ ఇటలీకే వెళ్లాలి.

టూరిన్ కార్ల ఊరు, ఫియట్ పుట్టిన ఊరు. అక్కడే నెబియోలో అనే టైపు పోత కంపెనీ ఉండేది. అందులో అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవారెసె అనే ఇద్దరు కలిసి 1952లో 'మైక్రోగ్రామా' అనే టైపు చేశారు. అన్నీ పెద్దక్షరాలే. అందులో 'ఓ' గుండ్రంగా ఉండదు, అలాగని చతురస్రమూ కాదు. పాతకాలం టీవీ తెర ఎలా ఉండేది? నాలుగు పక్కలూ తిన్నగా, మూలలు మాత్రం మెత్తగా. అదీ ఆకారం. విమానం కిటికీ కూడా దాదాపు అంతే. 1962లో నొవారెసె దీనికి చిన్నక్షరాలు కూడా చేర్చి 'యూరోస్టైల్' అని పేరు పెట్టాడు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో కంప్యూటర్ తెరల మీద ఆ టైపే కనిపిస్తుంది. అప్పట్నుంచి అంతరిక్ష నౌక గోడ మీద ఏదన్నా రాయాలంటే సినిమావాళ్ల చెయ్యి అటే పోతుంది. 1962లో మనిషి ఊహించిన భవిష్యత్తుని ఇంకా భవిష్యత్తని వాడుతూనే ఉన్నాం. ఫ్యాషన్లలో ఇంతకాలం నిలిచింది మరోటి చెప్పడం కష్టం.

ఇక మిగిలింది ఈ పెట్టె అక్షరాన్ని లావు చేసి వాల్చడం. సీసం రోజుల్లో అది ఖర్చుతో కూడిన పని. వాలు అక్షరం కొన దాని దిమ్మ దాటి పక్క దిమ్మ మీదకి పొడుచుకొస్తుంది, కాస్త ఒత్తిడి తగిలితే పుటుక్కున విరుగుతుంది. 1960ల తర్వాత ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చి సీసం బదులు కాంతితో అక్షరం పడటం మొదలయ్యాక ఆ బాధ పోయింది. లెన్సుతోనే అక్షరాన్ని వాల్చొచ్చు, సాగదీయొచ్చు. 1972లో అమెరికాలో డిక్ జెన్‌సన్ 'సర్పెంటైన్' అనే టైపు చేశాడు. గీతల చివర్లలో చిన్న ముల్లులాంటి కొన, పెట్టె ఆకారం, మంచి లావు. దాని బోల్డ్ ఇటాలిక్ చూస్తే ఈ జాతి టైపంతా దాని తమ్ముళ్లేననిపిస్తుంది.

కంప్యూటర్ వచ్చాక ఇంకా సులువు. మీట నొక్కితే 12 డిగ్రీల అటూ ఇటుగా ఏ అక్షరమైనా వాలుతుంది. కానీ మీట వాల్చిందానికీ మనిషి వాల్చిందానికీ తేడా ఉంది. సున్నాని యంత్రం కుడికి తోస్తే పైన కుడిమూల, కింద ఎడమమూల ఉబ్బుతాయి. మిగతా రెండు మూలలు పీక్కుపోతాయి. నిద్ర సరిపోని మొహంలా ఉంటుంది. పనితెలిసినవాళ్లు వాల్చాక ప్రతి వంపునీ మళ్లీ దిద్దుతారు. మంచి స్పోర్టీ ఫాంటు ధర ఆ దిద్దుబాటుదే.

ఫార్ములా వన్ తిప్పలు

వాలు అక్షరాలకి కాశీ ఏదంటే ఫార్ములా వన్ రేసు. 1994 నుంచి 2017 దాకా వాడిన దాని గుర్తుని లండన్‌కి చెందిన కార్టర్ వాంగ్ సంస్థ చేసింది. నల్లటి 'ఎఫ్', పక్కన ఎర్రటి గీతలు, రెండింటి మధ్య ఖాళీలో తెల్లగా దాక్కున్న ఒకటి అంకె. ఏళ్ల తరబడి రేసులు చూసి కూడా ఆ ఒకటిని గమనించనివాళ్లు కోకొల్లలు. కనిపించాక మాత్రం ఇంకేమీ కనిపించదు. యాజమాన్యం లిబర్టీ మీడియా చేతికొచ్చాక దాన్ని మార్చేశారు. 2017 నవంబరు 26న అబుదాబి రేసు అయ్యాక కొత్త గుర్తుని బయటపెట్టారు. ట్రాకు మలుపులా వంగిన రెండు గీతలు, పక్కన ఒక వాలు గీత. దాంతోపాటు మార్క్ రౌలీతో ప్రత్యేకంగా టైపులు కూడా చేయించుకున్నారు. వాటి పేర్లు రెగ్యులర్, టర్బో, టార్క్! ఇంజను భాగాల దుకాణం జాబితాలా లేదూ?

కొత్త గుర్తు చూసి పాత అభిమానులు గగ్గోలు పెట్టారు. అది మామూలే. అసలు చిక్కు ఇంకోచోట వచ్చింది. మోకాలి పట్టీలు, కాళ్లకి బిగుతు మేజోళ్లు అమ్మే 'ఫ్యూచరో' అనే బ్రాండు గుర్తులాగే ఇదీ ఉందని దాని యజమాని 3ఎం కంపెనీ అభ్యంతరం చెప్పినట్టు 2018లో వార్తలొచ్చాయి. గంటకు 300 కిలోమీటర్ల కారుకీ మోకాళ్ల నొప్పుల పట్టీకీ ఒకే అక్షరం నప్పిందంటే, అక్షరంలో ఉన్నది వేగమేనా అన్న అనుమానం రాక మానదు.

ఇంకో సంగతి. కార్ల మీద ఇంత అక్షరాల హడావుడి ఉన్నా, ఏ కారు ఎవరిదో మాత్రం ప్రేక్షకుడికి తెలిసేది కాదు. అంకెలు అలంకారంలో కలిసిపోయేవి. చివరికి నిర్వాహక సంస్థ ఎఫ్‌ఐఏ 2017 స్పెయిన్ రేసు నుంచి డ్రైవరు అంకె, పేరు స్పష్టంగా కనబడాల్సిందేనని పట్టుబట్టింది. నిజంగా వేగంగా పోయేదాని మీద అక్షరం ఎంత తిన్నగా, పెద్దగా ఉంటే అంత నయం. వాలు అక్షరం వేగాన్ని చూపిస్తుంది గానీ, వేగంలో కనిపించదు.

మన రవాణా శాఖ ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం నంబరు ప్లేటు మీద ఫ్యాన్సీ రాతలు కుదరవు. అయినా '8055'ని 'బాస్' అని చదివించే ప్లేట్లు, వాలిపోయిన అంకెలు మన రోడ్ల మీద కొన్నేళ్లు రాజ్యమేలాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే కొత్త బళ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరయ్యాక ఆ బేరం తగ్గింది. ఆ ప్లేటుని దగ్గరగా చూస్తే ఓ తమాషా ఉంది. అంకెలు బండగా, నిటారుగా ఉంటాయి. వాటి మీద అంటించిన సన్నటి పొర మీద మాత్రం 'ఇండియా' అనే మాట 45 డిగ్రీల వాలులో వరసగా ఉంటుంది. నంబరు ప్లేటు మీద ప్రభుత్వం ఒప్పుకున్న వాలు అదొక్కటే!

గుంజ వంగితే తెలుస్తుంది... కుండ వంగితే?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ కార్లు పరిగెత్తాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. ఆ కార్లు తిరిగిన ఊరు మూడు లిపుల ఊరు. ఒకే బోర్డు మీద ఇంగ్లిషు, తెలుగు, ఉర్దూ ఉంటాయి. ఇందులో 'ముందు' అంటే ఎటు? ఇంగ్లిషుకీ తెలుగుకీ కుడివైపు. ఉర్దూకి ఎడమవైపు. కుడినుంచి ఎడమకి చదివేవాళ్లకి మన ఇటాలిక్ వెనక్కి తూలుతున్నట్టుంటుంది. అందుకే ఇరాన్‌లో గులామ్ హుసేన్ మొసాహెబ్ అనే పండితుడు ఎడమకి వాలే అక్షరాన్ని రూపొందించి దానికి 'ఇరానిక్' అని పేరు పెట్టాడు. ఇటలీది ఇటాలిక్ అయితే ఇరాన్‌ది ఇరానిక్!

మరి తెలుగుది? దిక్కు విషయంలో మనకి పేచీ లేదు, మనదీ కుడివైపే. పేచీ అంతా ఒంటితోనే.

ఇంగ్లిషు పెద్దక్షరాల్లో సగానికి పైగా నిలువు గీత ఉంటుంది. ఎఫ్, ఎన్, కె, ఇ, హెచ్... అన్నిటికీ గుంజలున్నాయి. గుంజ ఒరిగితే ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. తెలుగు అక్షరం కుండలాంటిది. ర, ద, ల, ఠ, సున్న... ఎటు చూసినా గుండ్రమే. కుండ ఒరిగిందని ఎలా చెప్పాలి? వాల్చిన తెలుగు అక్షరం వాలినట్టుండదు, సొట్టపోయినట్టుంటుంది.

అక్షరం నెత్తినున్న తలకట్టు చూడండి. దాని కుడి కొమ్ము ముందే పైకి ఎగసి ఉంటుంది. అంటే మన అక్షరంలో పుట్టుకతోనే ఒక వాలుంది. దాన్ని యంత్రం ఇంకా తోస్తే అది పక్క అక్షరం మీద పడుకుంటుంది. ఇక గుణింతాలు, ఒత్తులు. ఇంగ్లిషు పెద్దక్షరం ఒంటి అంతస్తు ఇల్లు. మనది మూడంతస్తులు. యంత్రం వాల్చేటప్పుడు గీత మీద ఉన్నదాన్ని కుడికి తోస్తుంది, గీత కింద ఉన్నదాన్ని ఎడమకి లాగుతుంది. 'స్త్రీ' అన్న మాటని వాల్చి చూడండి. గుడి దీర్ఘం కుడికి పోతుంది, కింద ఒత్తులు ఎడమకి వస్తాయి. మధ్యలో సకారం ఎవరి పక్షమో తేల్చుకోలేక నిలబడుతుంది.

పైగా లావు. స్పోర్టీ టైపుకి లావు ప్రాణం. తెలుగులో గీత లావెక్కితే లోపలి ఖాళీ పూడిపోతుంది. ఠలో చుక్క పూడితే ర అయి కూర్చుంటుంది. థలో చుక్క పూడితే ధ. పకీ వకీ తేడా పైన మూతి తెరిచుందా మూసుందా అన్న కాస్తలోనే. మూలలు కోసే ఉత్సాహంలో అదీ పోయిందంటే 'పరుగు' కాస్తా 'వరుగు' అవుతుంది!

తెలుగు లిపికి మూలలే పడవని దీనర్థం కాదు. తాటాకు మీద గంటంతో తిన్నటి గీత గీస్తే ఆకు చీలుతుందని అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలంటారు. అంతకుముందు? ఇప్పటి బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన ధాతు పేటికల మీద క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ రాతలున్నాయి. ఆనాటి బ్రాహ్మీలో క అంటే కూడిక గుర్తు. ర అంటే నిలువు గీత. ఒక్క థ మాత్రం వలయం, మధ్యలో చుక్క... ఇప్పుడు బోల్డులో పూడిపోతోందని బాధపడే చుక్క అదే, రెండు వేల ఏళ్లు దాటింది. కాబట్టి కోణాలున్న తెలుగు అక్షరం ఎవరైనా గీస్తే అది విదేశీ మోజు కాబోదు. తాతల నాటి ముక్కూమొహమే మళ్లీ కనబడుతుంది.

గీసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. సిలికానాంధ్ర చొరవతో 2013 ప్రాంతంలో వచ్చిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో శీర్షికలకి పనికొచ్చే లావుపాటి 'రామభద్ర' ఉంది. ముంబయికి చెందిన ఎక్ టైప్ బృందం బొద్దుగా ఉండే 'బాలూ' ఫాంటుని మన లిపిలో గీసి 'బాలూ తమ్ముడు' అని పేరు పెట్టింది. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ! వాళ్లే 2022లో తెచ్చిన 'అనేక్ తెలుగు' సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా సాగుతుంది. మంచి పని. కానీ వీటిలో దేనికీ విడిగా గీసిన వాలు రూపం లేదు. వీటిలో 'ఇటాలిక్' మీట నొక్కితే వచ్చేదంతా యంత్రం తోసిన వాలే.

సినిమా టైటిళ్లు గీసేవాళ్లు ఈ చిక్కుని ఎప్పుడో పసిగట్టారు. వాళ్లు అక్షరాన్ని వాల్చరు. మాట మొత్తాన్ని ఏటవాలుగా పైకెక్కిస్తారు. తలకట్టు కొమ్ముని కత్తిలా సాగదీస్తారు. చివరి అక్షరం తోకని వెనక్కి లాగి మాట కింద గీతగా పరుస్తారు. అక్షరం నిటారుగానే ఉంటుంది, మాట మాత్రం దూకుతుంది. బాపు రాతలో అయితే ఇవేవీ అక్కర్లేకుండానే అక్షరం నిలబడి నడుస్తున్నట్టుంటుంది. ఇవన్నీ చేత్తో, ఆ ఒక్క మాట కోసం గీసినవి. కీబోర్డు మీద టైపు చేస్తే రావు.

సంక్రాంతికి ముందు ఏ ఊళ్లోనైనా రేడియం, ఫ్లెక్సీ షాపుల దగ్గర కుర్రాళ్ల గుంపు కనిపిస్తుంది. క్రికెట్ టోర్నమెంటు, జెర్సీల మీద జట్టు పేరు, బళ్లకి స్టిక్కర్లు. పేరు తెలుగులో కావాలని ఒకడంటాడు. కోరల్‌డ్రాలో టైపు కొడతారు... 'స్పీడ్ స్టార్స్'. బోల్డు. ఇటాలిక్. గుడి దీర్ఘం కుడికి జారుతుంది, ప వత్తు ఎడమకి జారుతుంది, ట వత్తు దాని వెనకే. అక్షరాన్ని ముక్కలుగా విడదీసి, మౌసుతో గుడిని వెనక్కి, ఒత్తుల్ని ముందుకి ఒక్కొక్కటీ లాగి సర్దాలి. సర్దాక ఉబ్బిన మూలలు దిద్దాలి. బయట ఇంకో నలుగురు వరసలో ఉంటారు. ఇంగ్లిషులో అయితే ఒక్క క్లిక్కు. కుర్రాళ్లు తెర వైపు, గడియారం వైపు చూసి ఇంగ్లిషులోనే కొట్టించుకుని, స్టిక్కరు చుట్ట చంకలో పెట్టుకుని, బండి సైడ్ స్టాండ్ తీస్తారు.